పన్నెండు పదుల తుక్కు

మా బడి స్టోర్‌కీపరు బస్తావీసీ గారి చేతిలో పడిన వస్తువుకు చావు లేదు, బతుకూ లేదు. గ్లాసు పగిలితే పెంకులన్నీ ఏరి, కాగితంలో చుట్టి, తేదీ రాసి, దారం కట్టి దాస్తారు. చీపురు అరిగిపోతే కర్ర మిగలాలి. కర్ర విరిగితే రెండు ముక్కలూ మిగలాలి. మా దేశంలో సర్కారు వస్తువు ఏదైనా ఎవరో ఒక ఉద్యోగి పేరు మీద అప్పగింత అయి ఉంటుంది మరి. అది కనబడకపోతే ముందు ఆ మనిషి జీతం పోతుంది, తర్వాత పరువు పోతుంది. పోలేదు, పాడైంది అని చెప్పుకోవాలంటే తుక్కు చూపించాలి. తుక్కు కమిటీ వచ్చి, కళ్లారా చూసి సంతకం పెడితేనే రిజిస్టరులో ఆ వస్తువు మీద గీత పడుతుంది.

నా పేరు ఇన్షిరాహ్. దమన్‌హూర్‌లో ఆడపిల్లల వాణిజ్య పాఠశాలలో ఇరవై రెండేళ్లుగా కంప్యూటరు టీచర్ని. మా దగ్గర టీచరమ్మని అందరూ పిలిచినట్టే నన్నూ అబ్లా అంటారు. నాకు కోపం ఎక్కువని కూడా అంటారు. బస్తావీసీ గారితో వేగిన మనిషికి కోపం తక్కువగా ఉంటే దాన్ని జబ్బు అనాలి.

మా గదిలో కంప్యూటర్లు పన్నెండు. వచ్చి పదేళ్లయింది. పాత కర్టెన్లు కత్తిరించి కుట్టించిన ముసుగులు వాటికి. సెలవులొస్తే గది తలుపుకు దారం చుట్టి, ఎర్ర లక్క కరిగించి పోసి, తన ఉంగరంతో ముద్ర వేసేవారు బస్తావీసీ గారు. ఇన్నేళ్లలో ఆయన ఒక్క మీట కూడా నొక్కలేదు. ఎందుకండీ అంటే, “ముట్టుకుంటే వేలిముద్ర పడుతుంది. రేపు ఎవరైనా అడిగితే నేనేం చెప్పను?” అనేవారు.

ఈ శీతకాలంలో పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. డిప్లొమా పిల్లల ప్రాక్టికల్ పరీక్ష ప్రోగ్రాము ఈసారి విండోస్ పదకొండు మీదే నడుస్తుందట. అది లేని బడి పిల్లలు అలెగ్జాండ్రియా సెంటరుకు వెళ్లి రాయాలట. ఫిబ్రవరి ఒకటో తేదీలోగా ఏ సంగతీ తేల్చి చెప్పమన్నారు. తెల్లవారుజామున పొగమంచులో, మైక్రోబస్సులో, ఆ రహదారి మీద ఆడపిల్లను పంపే తండ్రులు మా క్లాసులో సగం మంది ఉంటే గొప్ప. మిగతా సగం పిల్లలకు డిప్లొమా అక్కడితో సరి.

మా యంత్రాల్లో ఉన్నది విండోస్ పది. పదకొండు పెట్టబోతే, పెళ్లిచూపులకొచ్చిన మగపిల్లాడి తల్లిలాగా ఒకసారి పైనుంచి కిందికి చూసి, ‘ఈ యంత్రం అర్హతలకు తగదు’ అని లేచి వెళ్లిపోయేది. కానీ దారి లేకపోలేదు. ఇంబాబాలో ఒకాయన ఉన్నాడు, ఫోనులో వీడియోలు పెడతాడు. నోట్లో బజ్జీ నములుతూనే పాఠం చెబుతాడు. కంప్యూటరు లోపల ఎవరూ తెరవని చిట్టా ఒకటుంటుంది. అందులో ఒక మాట చేర్చి, దాని ఎదుట ఒకటి అంకె పెడితే చాలు, గుమ్మంలో కాపలావాడు మొహం పక్కకు తిప్పుకుంటాడు. పదకొండు దర్జాగా లోపలికి వచ్చేస్తుంది.

వెళ్లి బస్తావీసీ గారిని అడిగాను. ఆయన స్టోరులో టీ తాగుతున్నారు.

“నేను రిటైరయ్యాక చేసుకో తల్లీ,” అన్నారు. “ఫిబ్రవరి పద్దెనిమిదికి నాకు అరవై నిండుతాయి. ఆ సాయంత్రం నుంచి నీ ఇష్టం. పదకొండు పెట్టుకో, పదకొండొందలు పెట్టుకో.”

“ఒకటో తేదీలోగా చెప్పాలండీ. పిల్లల సంగతి చూడండి.”

“పిల్లలకు చాలామంది ఉన్నారు. ఈ పన్నెండింటికీ నేనొక్కణ్ణే.”

స్టోరు తలుపు వెనక కొత్త గాలం కర్ర ఒకటి నిలబెట్టి ఉండేది. దానికి చీటీ అంటించారు: ‘ఇది బడిది కాదు, నా సొంతం.’ రిటైరయ్యాక రషీద్‌లో చెల్లెలి ఇంటికి వెళ్లి, నది ఒడ్డున కూర్చుని చేపలు పట్టుకోవాలని ఆయన కోరిక. ముప్పై ఎనిమిదేళ్లు పరాయి వస్తువులు కాసిన మనిషి. ఎవరికీ లెక్క చెప్పక్కర్లేని వస్తువు ఆయనకు అదొక్కటే.

నేను మాత్రం ఊరుకునే రకం కాదు. ఏడాది మధ్య సెలవుల్లో, “గది దుమ్ము కొట్టుకుపోయింది, ఊడుస్తాను, తాళం తీయండి,” అన్నాను. ఆయన సంతోషించారు. లక్క ముద్ర విరిచి, దాని ముక్కలు జేబులో వేసుకుని, గుమ్మం బయట ఎండలో కుర్చీ వేసుకుని పేపరు పట్టుకున్నారు. నా సంచీ తడిమి, లోపలున్న చిన్న పెన్‌డ్రైవును చూసి రిజిస్టరులో రాసుకున్నారు: ‘నల్ల పుల్ల, బొటనవేలంత, ఒకటి, లోపలికి.’

అందులోనే పదకొండు ఉంది.

రెండు పూటలు పట్టింది. మొదటి రోజు ఆరు, రెండో రోజు ఆరు. మధ్య మధ్య బకెట్టు చప్పుడు చేసేదాన్ని. ప్రతి యంత్రం దగ్గరా ఆఖరి నిమిషంలో ఒక హెచ్చరిక వచ్చేది. తెర నిండా కోర్టు తీర్పంత పొడుగు. నేను చదవలేదు. కింద ‘ఒప్పుకుంటున్నాను’ అని ఉంటే నొక్కాను. పన్నెండుసార్లు నొక్కాను. ఒకసారి మటుకు దానికి ఫొటో తీసి మా చెల్లెలికి పంపాను, ‘చూడవే, నిన్ను వద్దన్న ఆ ఇస్మాయిలియా సంబంధం వాళ్లు గుర్తొచ్చారు’ అని.

ఏడో నంబరు పంకా కాస్త మూలిగింది గానీ, అన్నీ లేచి కూర్చున్నాయి. పిల్లల పేర్లు అదే రోజు పై ఆఫీసుకు పంపేశాను. బయటికొస్తుంటే బస్తావీసీ గారు ‘నల్ల పుల్ల, ఒకటి, బయటికి’ అని రాసుకుని, “అద్దంలా చేశావు తల్లీ,” అన్నారు. నాకు నవ్వాగలేదు. వీధి మలుపు తిరిగేదాకా నోట్లో తలగుడ్డ కొంగు కుక్కుకున్నాను.

ఆ నవ్వుకు శిక్ష ఏడో రోజున పడింది. బడి తెరిచారు. రిటైరయ్యే మనిషి తన అప్పగింతలన్నీ సరిచూపించి, ‘ఇతని దగ్గర మాది ఏమీ లేదు’ అన్న కాగితం తెచ్చుకోవాలి. అది లేకపోతే రిటైర్మెంటు ఆగుతుంది, విచారణ మొదలవుతుంది. అలా మొదలైన విచారణ మధ్యలోనే కాలం చేసిన వాళ్ల కథలు మా స్టాఫ్ రూములో బోలెడు. బస్తావీసీ గారు రిజిస్టరు చంకన పెట్టుకుని నా గదికి వచ్చారు. ముసుగులు తీయించి, అన్నిటినీ వెలిగించమన్నారు.

ఒక తెర ముందు ఆగిపోయారు. “మూలన ఉండాల్సిన బొత్తాం నడిమధ్యకు ఎందుకొచ్చింది?”

నేను పక్క తెర దుమ్ము తుడవడం మొదలుపెట్టాను.

ఆయన రిజిస్టరు తెరిచి వేలు పెట్టి చదివారు. “కంప్యూటర్లు, పన్నెండు. అందులో విండోస్ పది, పన్నెండు.” తలెత్తి నన్ను చూశారు. “అబ్లా, నా పదులు ఏవి?”

“వాటి స్థానంలో మంచివి పెట్టానండీ.”

“మంచివో చెడ్డవో నాకెందుకు? నా పేరు మీద పన్నెండు పదులున్నాయి. పన్నెండు పదులూ పోయాయి. వాటి బదులు నేనెరుగని పన్నెండు పదకొండ్లు వచ్చి కూర్చున్నాయి. ఇటు పోయినందుకు ఒక కేసు, అటు వచ్చినందుకు ఒక కేసు.” ఆయన బెంచీ మీద కూలబడ్డారు. “నేను గుమ్మంలో కాపలా కూర్చుంటే లోపల ఇంత పని చేశావా? నీకు మంచినీళ్లు కావాలా అని కూడా అడిగాను కదమ్మా.”

తిట్టి ఉంటే తిరిగి తిట్టేదాన్ని. ఆయన తిట్టలేదు. నాకు సిగ్గేసింది. నిజంగా సిగ్గేసింది.

“వెనక్కి తిప్పేయొచ్చండీ,” అన్నాను. “పాతవి ఇంకా ఉన్నాయి. పదకొండు ఎక్కేటప్పుడు పదిని పారేయదు, ఒక మూల సంచీలో కట్టి పెడుతుంది. పది రోజుల్లోపు కావాలంటే మళ్లీ పదే వచ్చేస్తుంది.”

“మరి పిల్లలు?”

“అలెగ్జాండ్రియా వెళ్లాలి.”

“ఎంతమంది వెళ్తారు?”

“సగం.”

ఆయన రిజిస్టరు మూసేశారు. “పేర్లు పంపేశావా?”

“పంపేశాను.”

“అయితే వాళ్లూ అప్పగింతే. తిప్పకు.” అని లేచి నిలబడ్డారు. అంతలో ఆయన మొహంలో ఏదో వెలిగింది. “ఏమన్నావు? మూల సంచీలో కట్టి ఉన్నాయా? అంటే తుక్కు ఉందన్నమాట.”

“ఉంది గానీ, పది రోజులు దాటితే అది కూడా పోతుంది.”

“ఎవరు తీసుకెళ్తారు?”

“ఎవరూ తీసుకెళ్లరు. దానంతటదే పోతుంది.”

“ముప్పై ఎనిమిదేళ్ల సర్వీసులో ఏ తుక్కూ తన కాళ్ల మీద తాను నడిచి వెళ్లిపోలేదమ్మా.”

“కాపీ తీసి దాస్తానుండండి.”

“విరిగిన కుర్చీకి ఫొటో తీసి చూపిస్తే గీత కొడతారా? అసలుదే చూపించాలి.” వేళ్ల మీద లెక్క పెట్టుకున్నారు. ఏడు రోజులు అయిపోయాయి. మిగిలింది మూడు. తుక్కు కమిటీకి అర్జీ పెడితే మామూలుగా నాలుగు నెలలకు వస్తుంది. వచ్చేసరికి సంచీ ఖాళీ, రషీద్ ప్రయాణం గల్లంతు.

అప్పుడు చూశాను ఆ మనిషి అసలు ప్రతాపం. గళ్ల కాగితం తీసుకుని, కలం విదిలించి, తల వంచి రాయడం మొదలుపెట్టారు. బడిపిల్లలకు పంచే పాలు, బిస్కెట్లు పాడైతే కమిటీ నలభై ఎనిమిది గంటల్లో వచ్చి చూడాలని ఒక నియమం ఉంది. ఎవరికీ గుర్తులేదు, ఆయనకు గుర్తుంది. అర్జీలో వస్తువు పేరున్న చోట ‘విండోస్ పది, పన్నెండు’ అని రాశారు. రకం అన్న చోట ‘చెడిపోయే సరుకు’ అని రాశారు. అదే మధ్యాహ్నం స్వయంగా పై ఆఫీసుకు పట్టుకెళ్లారు. ఆయన పరుగెత్తగా చూసినవాళ్లు ఊళ్లో ఎవరూ లేరు. ఆ రోజు ఫలాఫెల్ వడల బండివాడు చూశాడు.

తొమ్మిదో రోజు పొద్దున్నే కమిటీ దిగింది. ముగ్గురు. ఒకరు చూడ్డానికి, ఒకరు రాయడానికి, ఒకరు టీకి. చూసేవాడి పేరు శర్నూబీ. పొడుగాటి మనిషి, మెడలో మఫ్లరు, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు. గదిలోకి అడుగు పెడుతూనే చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. కాసేపటికి తీశాడు.

“ఏదీ సరుకు? వాసనే రావట్లేదే.”

“ఇది వాసన లేని రకమండీ,” అన్నారు బస్తావీసీ గారు.

ఒకటో నంబరు దగ్గర కూర్చోబెట్టి మూలనున్న సంచీ తెరిచి చూపించాను. “ఇదిగోండి, పాత పది. పదకొండు రాగానే ఇలా మూటగట్టి పడేసింది. ఎల్లుండికల్లా ఇది ఉండదు.”

శర్నూబీ వంగి చూశాడు. అటు నుంచి చూశాడు, ఇటు నుంచి చూశాడు. “బరువెంత?”

“పద్దెనిమిది గిగాలండీ.”

“కిలోల్లో చెప్పమ్మా.”

“కిలోలు ఉండవండీ.”

“సున్నా కిలోలు,” అన్నాడు రాసేవాడితో. రాసేవాడు రాశాడు. అలా పన్నెండింటి దగ్గరా ఆగి, పన్నెండు మూటలూ చూసి, పన్నెండుసార్లు సున్నా కిలోలు రాయించాడు. చివరన, ‘పై సరుకు రెండు రోజుల్లో తనంతట తానే నశించును’ అని చేర్చి సంతకం పెట్టాడు. బస్తావీసీ గారి రిజిస్టరులో పదుల మీద ఎర్ర గీత పడింది. ఆయన ఊపిరి వదిలిన చప్పుడు నాకు వినబడింది.

టీ వచ్చింది. మూడోవాడు కూడా పనిలోకి దిగాడు. అంతా అయిపోయిందనుకుని నేను ముసుగులు కప్పబోతుంటే శర్నూబీ గ్లాసు కింద పెట్టాడు.

“ఆగమ్మా. పది పోయింది, బాగుంది. మరి ఈ పదకొండు ఎవరిది?”

మూడోవాడు రెండో గ్లాసు అందుకున్నాడు.

“సర్కారు గదిలో ఎవరిదీ కాని వస్తువు ఉండకూడదు. కొన్నదా? కాదు. పై నుంచి వచ్చిందా? కాదు. ఎవరైనా దానం ఇచ్చారా?”

“తయారు చేసినవాళ్లు ఈ యంత్రాలకు ‘ఇవ్వం’ అన్నారండీ,” అన్నాను. “ఇవ్వనన్నా తీసుకున్నాం.”

అనేశాక నాలిక కరుచుకున్నాను. రాసేవాడి కలం గాలిలో ఆగింది.

“ఇవ్వననడానికి కాగితం ఉందా?” అన్నాడు శర్నూబీ.

ఫోనులో మా చెల్లెలికి పంపిన ఫొటో ఉంది. ఇంకేం దాస్తాను, చూపించాను. ఆయన కళ్లద్దాలు పైకి తోసుకుని, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా పైకి చదివాడు. ఆ హెచ్చరికను పూర్తిగా చదివిన మనిషి ప్రపంచంలో ఆయనొక్కడే అయి ఉంటాడు. ఈ యంత్రం అర్హతలకు తగదు. అయినా పెట్టుకుంటే ముందు ముందు మా నుంచి ఏమీ అందకపోవచ్చు. యంత్రానికి ఏం జరిగినా పూచీ లేదు. ఇదంతా చదివి, అర్థం చేసుకుని, ఒప్పుకుంటున్నాను.

“చాలా మంచి కాగితం,” అన్నాడు మెచ్చుకోలుగా. “మన ఆఫీసులో కూడా ఇంత శుభ్రంగా రాయరు. సరే, ఈ ఒప్పుకున్నది ఎవరు?”

నా పక్కన బస్తావీసీ గారు కదిలారు. గది ఆయన అప్పగింత. గుమ్మంలో కూర్చున్నది ఆయన. పుల్లను లోపలికి రానిచ్చి రాసుకున్నది కూడా ఆయనే. ఆయన గొంతు సవరించుకున్నారు. జన్మలో ఒక్క గాజు పెంకుకు కూడా మాట పడని మనిషి, నా తప్పు తన నెత్తిన వేసుకోబోతున్నాడు.

“నేను,” అన్నాను గట్టిగా. “నొక్కింది నేను. పన్నెండుసార్లు. ఈయనకు ఏమీ తెలియదు. ఈయన బయట పేపరు చదువుకుంటున్నారు.”

శర్నూబీ నన్ను ఎగాదిగా చూశాడు. ఇంకేముంది, విచారణ నా మీద పడుతుందనుకున్నాను. ఆయన మాత్రం రాసేవాడి వైపు తిరిగాడు. “ఒప్పుకోవడం అంటే స్వీకరించడమే. రాయి. విండోస్ పదకొండు, పన్నెండు. స్వీకరించినవారు అబ్లా ఇన్షిరాహ్. సాక్ష్యం, ఫొటో. అది ఎక్కిన యంత్రాలు కూడా దానితోపాటే ఆమె పేరు మీదికి. గుర్రం ఒకరిదీ, దాని మీద మనిషి ఇంకొకరిదీ అయితే కుదరదు.” అని నా ముందుకు రిజిస్టరు తోశాడు. “సంతకం పెట్టమ్మా.”

పెట్టాను. పెట్టక ఏం చేస్తాను?

బస్తావీసీ గారి చేతికి ఆయన కాగితం వచ్చింది. ‘ఇతని దగ్గర మాది ఏమీ లేదు.’ ఆయన దాన్ని రెండుసార్లు చదువుకుని మడిచి గుండె జేబులో పెట్టుకున్నారు. తర్వాత తాళంచెవి, లక్క కడ్డీ, దారపుండ నా చేతిలో పెట్టారు. కూతుర్ని అత్తారింటికి పంపే తండ్రిలా గొంతు వణికింది. “ఏడో నంబరు పంకా మూలుగుతోంది తల్లీ. కాస్త చూస్తూ ఉండు,” అన్నారు. నాకు కళ్ల నీళ్లు తిరిగాయి. ఆయనకు మాత్రం నవ్వొస్తోందని అప్పుడే కనిపెట్టాను.

పిల్లలందరూ మా గదిలోనే పరీక్ష రాశారు. ఒక్కరు కూడా అలెగ్జాండ్రియా వెళ్లలేదు. అది నా గొప్ప అని చెప్పుకుంటాను, సిగ్గుపడను.

ఏప్రిల్లో వసంతం పండగ ముందు రోజు బస్తావీసీ గారు వచ్చారు. ఎండకు నల్లబడ్డారు, పదేళ్లు తగ్గినట్టున్నారు. చేతిలో పొట్లం. రషీద్‌లో తను పట్టి ఉప్పులో ఊరేసిన చేపలట. దాని కంపు ఆయనకన్నా ముందు గేటు దాటింది. నేను రిజిస్టరు తీసి రాసుకున్నాను: ‘ఉప్పు చేపలు, నాలుగు, లోపలికి.’ ఆయన తొంగి చూసి తలాడించారు.

“అబ్లా, ఒక్కసారి అవి చూసి పోనా?”

తాళం తీశాను. లోపలికి వెళ్లి ఏడో నంబరు ముందు నిలబడ్డారు. “ఇప్పుడు ఇవి నావి కావుగా,” అన్నారు మెల్లగా. “పదేళ్లు కాపలా కాశాను, ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. నా పేరు అందులో ఎలా ఉంటుందో చూడాలని ఉంది.” అని ముసుగు మీదికి చెయ్యి చాపారు.

“ముట్టుకోకండి,” అన్నాను.

నా నోట్లోంచే వచ్చింది ఆ మాట. ఆయన చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నారు. కోపం తెచ్చుకోలేదు, చిన్నబుచ్చుకోనూ లేదు. “శభాష్,” అన్నారు. ఆ శభాష్ వినగానే నా మీద నాకే అసహ్యం వేసింది. రెండు నెలల్లో ఏమైపోయాను నేను?

ముసుగు లాగి పక్కన పడేశాను. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి యంత్రం వెలిగించాను. ఒక్క వేలితో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, నుదుట చెమట తుడుచుకుంటూ తన పేరు కొట్టారు. పావుగంట పట్టింది. తెర మీద ‘బస్తావీసీ’ అని కనబడితే వెనక్కి వాలి చూసుకున్నారు.

“ఇప్పుడు దీన్ని తుడిచేస్తావా?” అన్నారు.

“తుడిచేయాలండీ.”

“మరి తుక్కు?”

నేను ఆలోచించాను. అప్పుడు రిజిస్టరు తెరిచి, ఏడో నంబరు కింద కొత్త వరుసలో రాశాను: ‘బస్తావీసీ, ఒకటి.’ పక్కన సంతకం పెట్టాను. అది ఇంకా అందులోనే ఉంది. దాన్ని తుడవాలంటే కమిటీ రావాలి.